కర్పూరం ఆర్పిన చెయ్యి

కోలారు నుంచి నంగలి వెళ్ళే బస్సులో, పక్క సీటు ఆవిడతో వాదన పెట్టుకున్నది నేనే. అధికారాన్ని సొంతానికి వాడుకున్నాడని అభిశంసనకు గురైన అమెరికా అధ్యక్షుణ్ణి అక్కడి సెనేట్ విచారించి విడిచిపెట్టిందని పేపర్లో చదివి, నోరు ఊరుకోక పైకే తిట్టాను.

“విచారించినోళ్ళు ప్రమాణం చేసినారా అమ్మా?” అందావిడ.

“చేశారు, పక్షపాతం లేకుండా తీర్పిస్తామని. చేసి, సొంత పార్టీవాడని వదిలేశారు. ప్రమాణం తప్పినవాళ్ళు మనుషులే కారు!”

“అట్లయితే నేనూ మనిషిని కాను,” అంటూ కుడి అరచెయ్యి చాపింది. మధ్యలో పచ్చి బొబ్బ.

ఆమె పంచాయతీ మెంబరట. ఆ మధ్యాహ్నమే వాళ్ళ అధ్యక్షుడి మీద అవిశ్వాస తీర్మానం. ముందురోజు అతను మెంబర్లందరినీ గుడికి పిలిచి, తన వైపే ఉంటామని అరచేతిలో కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించుకున్నాడు.

“మా వీధి బోరు నీళ్ళు వాని మామిడితోటకి తిప్పుకున్నాడమ్మా. మూడేండ్లు టాంకరు ఎనక బిందెలెత్తుకొని పరిగెత్తినాము. అడిగితే, యాడన్నా పోయి చెప్పుకోపో అన్నాడు. ఇంగ ఈ పొద్దు చెప్తాను.”

“మరి ప్రమాణం?”

“పాపం నాకే రానీ. వాని కుర్చీ పోనీ. వాడు కాల్పించిన ఈ చెయ్యే ఎత్తుతాను. వాడు చూస్తా ఉండాల.”

ఆమె ఊరు రాగానే, దిగడానికి లేచి దారిచ్చాను.

వారం తర్వాత అదే బస్సు ఆమె దిగిన ఊళ్ళో ఆగింది. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అధ్యక్షుడి పేరున్న చోట తెల్లరంగు పూసి ఉంది. బస్సు ఆగినంతసేపూ దాన్నే కళ్ళారా చూశాను.