ఎనిమిదో వంతు ముగ్గు

నా చిన్నప్పుడు మా గడప ముందు ముగ్గు ప్లాస్టిక్‌ది. ఏఎస్ రావు నగర్ బజార్లో కొన్న స్టిక్కరు. తెల్లారకముందే బిస్కెట్ల ప్యాకింగు పనికి పరుగెత్తే మా అమ్మకు చుక్కలు పెట్టే తీరిక ఎక్కడిది? తడిగుడ్డతో తుడిస్తే ఆ స్టిక్కరు మళ్లీ కొత్తదానిలా మెరిసేది. తాతయ్య పోయాక మా నానమ్మ ఆ ఇంటికే వచ్చి చేరింది. జనగామ వైపు ఎవరింట్లో పెళ్లయినా ముందు ముగ్గుకు పిలుచుకుపోయేది ఆమెనే.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నా దగ్గరొక కబురుంది, కడుపులో ఆగడం లేదు. తెలంగాణ వచ్చిన ఈ ఏడాదే నా పీజీ రిజల్టూ వచ్చింది. మా ఇంటిపేరున్న వాళ్లలో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనే మొదలు. ఇంటి ఓనరుకి, కిరాణా కొట్టు మామకి, ఆటో ఎక్కితే ఆటో అన్నకి కూడా చెప్పేశాను. కానీ అసలు కబురు పట్టా కాదు, ఆ చదువులో నాకు దొరికిన ఒక బొమ్మ. అది తెలియాల్సిన వాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరికీ చెప్పలేకపోయాను.

అప్పట్లో మాది నాచారంలో మూడు వాటాల ఇల్లు. మేడెక్కితే మౌలాలి గుట్ట, గుట్ట మీద దర్గా కనిపించేవి. నడిమి వాటాలో మేము, చివరి రేకుల వాటాలో ఖాలా. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. మా వాడకట్టు పిల్లలందరికీ ఆమె ఖాలానే. భర్త ఆటో నడిపేవాడు. ఆమె ఇంట్లోనే మగ్గం వర్కు చేసేది. మంచమంత కర్ర చట్రానికి దుపట్టా బిగించి, పక్కన నేల మీద కూర్చుని, జరీతో పూలు కుడుతూ ఉండేది.

మా వైపు భర్త పోయిన మనిషి వాకిట్లో ముగ్గు వేయదు. నానమ్మను ఎవరూ వద్దనలేదు. వెయ్యమనీ అనలేదు. ఆమే చేతులు కొంగు కింద దాచుకుంది. మెల్లగా తిండి తగ్గింది, మాట తగ్గింది. కంచంలో అన్నం కెలికి అలాగే పక్కన పెట్టేసేది. నాన్న దవాఖానాకు తీసుకెళ్తే బలానికి సిరప్పు రాశారు. సీసా ఖాళీ అయింది కానీ ఆమెకు ఆకలి పుట్టలేదు. "ఇట్లనైతే అమ్మ మనకు దక్కదే" అని ఒకరోజు నాన్న అమ్మతో మెల్లగా అంటుంటే విన్నాను.

నేను మాత్రం ఒకటి కనిపెట్టాను. బియ్యం ఏరేటప్పుడు నానమ్మ వేళ్లు చేటలో ఊరికే ఉండేవి కావు. బియ్యంలో చుక్కలు పెట్టేవి, చుక్కల చుట్టూ మెలికలు తిరిగేవి. ఎవరి అడుగుల చప్పుడు విన్నా చేటను ఒక్క తట్టు తట్టేది. అంతా చెరిగిపోయేది. ఎదురుగా బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ ఖాలా కూడా అది చూసిందని నాకప్పుడు తెలియదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, నాకు స్కూలు లేని రోజు, ఖాలా తడిసి ముద్దయిన కాగితం ఒకటి పట్టుకుని మా వాటాలోకి వచ్చింది.

"అమ్మా, బర్బాద్ అయిపోయిన. రేకులల్ల నుంచి నీళ్లు కారి నా ఖాకా మొత్తం తడిసింది. పెండ్లి దుపట్టా ఆర్డరు!"

ఖాకా అంటే సూది పోట్లతో బొమ్మ దింపిన పల్చటి కాగితం. దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్ల పొడిని గుడ్డతో రుద్దితే, చిల్లుల్లోంచి బొమ్మ బట్ట మీదికి దిగుతుంది. జరీ దాని వెంబడే నడుస్తుంది. ఖాకా పోతే పని ఆగిపోయినట్టే.

"నాకు కుట్టుడొస్తది, గీసుడు రాదు. మీరు జర గీసియ్యాలె" అంది ఖాలా.

నానమ్మ చేతులు ఇంకా లోపలికి పోయాయి. "నేను ముట్టొద్దు బిడ్డా. పెండ్లి బట్ట. బొట్టు లేని చెయ్యి నాది."

"బట్ట నేను ముట్టుకుంట. మీరు కాగితం ముట్టుకోండ్రి." ఖాలా గడప పక్కనే చతికిలబడింది. "మా అబ్బా పోయినంకనే మా అమ్మీ మస్తు పెండ్లి దుపట్టాలు కుట్టింది. ఆ పెండ్లిపిల్లలంత ఇయ్యాల నానమ్మలైన్రు. ఒక్కదానికి గుడ ఏం గాలె."

నానమ్మ మెడ చాచి తడి కాగితం వైపు చూసింది. చివరికి, "ఇది ముగ్గయితే గాదు గద?" అంది.

"తౌబా! ముగ్గెట్లయితది అమ్మా? కాగితం!"

నా జామెట్రీ బాక్సు తెప్పించారు. తడి కాగితం మీద ఎనిమిది కోణాల నక్షత్రం ఒకటి, దాని కడుపులో ఇంకో నక్షత్రం, వాటిని అల్లుకుంటూ గీతలు సగం సగం కనిపిస్తున్నాయి. ఖాలా కొత్త కాగితం మీద నా కంపాసుతో పెద్ద గుండ్రం గీసింది. నానమ్మకు నవ్వొచ్చింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"ముందుగాల గుండ్రం గీసి అండ్ల బొమ్మ వెడుతరా? అంగి కుట్టినంక మనిషిని ఎతికినట్టు!"

"మీ దిక్కు చుక్కలు, మా దిక్కు గుండ్రం. ఏడ కలుస్తయో సూద్దాం పట్టండ్రి."

ఖాలా ఆ కాగితాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. చివరికి సమోసా ఆకారంలో ఒక ముక్క మిగిలింది. "గీ ఒక్క ముక్క గీయండ్రి. తక్కిన ఏడు అవే గీసుకుంటయ్" అంది.

నానమ్మ అలవాటు కొద్దీ చుక్కల్ని వాకిట్లో పెట్టినట్టే వరసగా పెట్టింది. కోసుగా ఉన్న ఆ ముక్కలో వరసలు ఇమడలేదు. చెరిపింది. మళ్లీ పెట్టింది, మళ్లీ చెరిపింది. ఇక లాభం లేదని కాగితాన్నే కొంచెం తిప్పి, మడత వాలుకు చుక్కల్ని వంచింది. అప్పుడు కుదిరింది. ఆ క్షణం నుంచి మేమిద్దరం ఆమెకు కనబడలేదు.

"అచ్చు దింపి సూడనీకి మా ఇంట్ల నల్లగుడ్డ, తెల్లపొడి గిన్నె ఉంటయ్, తేపో బిడ్డా" అని ఖాలా నన్ను పంపింది.

వెళ్లి చూస్తే వాళ్ల గది నేల పొడిగా ఉంది. ఎక్కడా ఒక్క బొట్టు కారలేదు. చట్రం మీద ఎర్ర దుపట్టా బిగించి ఉంది. దాని మీద ఆ ఎనిమిది కోణాల నక్షత్రమే, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎప్పుడో అచ్చు దిగింది. సగం నక్షత్రాలకు జరీ కుట్టు కూడా పడిపోయింది. ఆ పెళ్లి దుపట్టాకు కొత్త ఖాకాతో పనే లేదు.

రెండూ తెచ్చి నోరు తెరవబోయాను. ఖాలా నా వైపు చూసి, ముక్కుపుడక సర్దుకుంటున్నట్టు వేలిని పెదవుల మీదికి తెచ్చింది. నోరు మూసుకున్నాను.

ఖాలా మడతల మీదే సూదితో పొడిచి కాగితం విప్పింది. ఒక్క ముక్క ఎనిమిదై విచ్చుకుంది. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ప్రతి కోణం కొసనా పాత బొమ్మలో లేని చిన్న తామర మొగ్గ ఒకటి ఉంది.

"గది మా ఊరి మొగ్గ. చెయ్యి ఊకోలే. తీసేయాల్నా?"

"ఉండనియ్యండ్రి అమ్మా, మంచిగున్నది. నా చేతికి నూనె ఉంది, జర మీరే రుద్దుండ్రి."

నల్లగుడ్డను మా గడప ముందే పరిచారు, ఆ ప్లాస్టిక్ స్టిక్కరు కప్పబడేట్టు. నానమ్మ తెల్ల పొడి గుడ్డను కాగితం మీద మెల్లగా రుద్ది పైకెత్తింది. నలుపు మీద తెల్లటి నక్షత్రం, దాని చుట్టూ మొగ్గలు. ముగ్గు అని ఎవరూ అనలేదు. ఆమె దాన్ని చీకటి పడేదాకా చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి అమ్మ పని నుంచి రాగానే, "ఏమే, రొట్టె జేస్తవా ఇయ్యాల?" అని అడిగింది. అమ్మ చెప్పులు కూడా విప్పకుండా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

నా స్కూలు చదువు అయ్యేదాకా నానమ్మ ఖాలాకు ఖాకాలు గీస్తూనే ఉంది. మొగ్గలున్న మొదటి దుపట్టా ఒక పెళ్లికూతురితో మస్కట్ పోయిందని ఖాలా చెప్పినరోజు, "జనగామ, నాచారం తప్ప నేనేడికి పోలే. నా మొగ్గ ఇమానం ఎక్కిందే!" అని వాడకట్టంతా చాటుకుంది.

తర్వాత కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చింది. ఖాలాకు ఆర్డర్లు తగ్గి, ఇల్లు ఖాళీ చేసి పాతబస్తీ వైపు వెళ్లిపోయారు. మేమూ ఉప్పల్‌కు మారాం. అక్కడ నానమ్మ ముందు కాగితం పెట్టినవాళ్లు లేరు. ఆ ఉపాయం ఇంట్లో ఎవరికీ తోచలేదు. వేళ్లు మళ్లీ చేటలోకే వెళ్లాయి. నేను డిగ్రీలో చేరిన ఏడాది ఆమె పోయింది. ఆ రోజు ఖాలా ఇంట్లో చూసింది ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. తెలిసే గీసిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇక నా కబురు. పీజీలో ప్రాజెక్టు కోసం లైబ్రరీలో పెద్ద ఫొటోల పుస్తకం ఒకటి తిరగేస్తున్నాను. సమర్‌ఖండ్‌లో నీలం పెంకుల గోడ, కైరోలో చెక్క తలుపు, స్పెయిన్‌లో సున్నపు నగిషీ, అన్నిటి మీదా ఆ ఎనిమిది కోణాల నక్షత్రం! గీసే పద్ధతి కూడా పక్కనే వేశారు. ముందు గుండ్రం, తర్వాత ఎనిమిది వంతులు, గీతలు కలిసేచోట చుక్కలు. చుక్కలు, గుండ్రం అక్కడ కలిశాయి. నానమ్మా అని అరవబోయి నోరు నొక్కుకున్నాను. ఈ బొమ్మలు తాపీ పనివాళ్లతో, నేతగాళ్లతో, ఓడలెక్కిన వ్యాపారులతో దేశాలు తిరిగాయని, దిగిన ప్రతిచోటా అక్కడి చెయ్యి తన పువ్వొకటి కలిపిందని మా సార్ చెప్పారు. ఆ పుస్తకంలో లేని మజిలీ ఒకటి నాకు తెలుసు. నాచారంలో మా గడప.

రిజల్టు వచ్చిన రోజు ఆ పేజీల జిరాక్సులు, ఒక స్వీట్ల డబ్బా పట్టుకుని నాచారం వెళ్లాను. మూడు వాటాల ఇల్లు పోయి అపార్ట్‌మెంటు లేచింది. "ఏ ఖాలా అమ్మా? గీడ ఎంతమంది ఉండి పోయిన్రో" అన్నాడు వాచ్‌మన్. పాతబస్తీలో ఎక్కడని వెతకను? మెట్రో పిల్లర్ల దుమ్ములోంచి డబ్బా విప్పకుండానే తిరిగొచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నిరుడు నాన్న పోయినప్పటి నుంచి అలాగే కూర్చుంటోంది. గడప ముందు స్టిక్కరు కూడా పీకేసింది, కొత్తది తేలేదు. నేను జిరాక్సులు పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం మీద గుండ్రం గీసి, మూడు మడతలు మడిచి, ఆమె పక్కన కూర్చున్నాను.

"అమ్మా, గీ ముక్క గీసుడు నాకు వస్తలేదు. జర సూడవా?"

"గింత సదువు సదివినవ్, గంత బొమ్మ గీయరాదానె నీకు?" అని కసిరింది. కసురుతూనే కళ్లద్దాలకోసం చెయ్యి చాపింది.

నాకు వచ్చు. కళ్లు మూసుకుని గీయగలను. పెన్సిలు మాత్రం ఆమె వైపు జరిపి, ఖాలాలాగే, ఏమీ తెలియనట్టు చూస్తూ కూర్చున్నాను.