కింది సొరుగులోని కార్డులు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. మోసేవాళ్ళకు భుజం నొప్పి పుడుతుంది. నేను సుఖంగా తిన్నాను, పడుకున్నాను, పేరు సంపాదించుకున్నాను. చేతులు కడుక్కుంటూ అద్దంలో ముఖం చూసుకున్నప్పుడు మాత్రం ఛీ అనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

నేను పలమనేరులో ఆడవాళ్ళ డాక్టరుని. చిన్న క్లినిక్. నేను, మునెమ్మ అనే రిసెప్షనిస్టు, ఒక నర్సు, అంతే. అప్పట్లో అంతా కార్డుల మీదే నడిచేది. పై సొరుగుల్లో ఊరి పేర్ల వరసన కార్డులుండేవి. కింది సొరుగు వేరు. ఇంట్లో తెలియకుండా వచ్చే ఆడవాళ్ళ కార్డులు అందులో ఉండేవి. తాళంచెవి నా బ్యాగులో. ఆ కార్డుల మీద నేనే ఎర్ర ఇంకుతో రాసేదాన్ని, ఇంటికి ఫోన్ చేయకూడదు అని. ఆ డాక్టరమ్మ దగ్గర మాట బయటికి పోదని పల్లెల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారట. అది విని ఎంత పొంగిపోయేదాన్నో తలచుకుంటే ఇప్పుడు సిగ్గు.

ఆమె అసలు పేరు చెప్పను. గౌరి అనుకోండి. ముగ్గురు ఆడపిల్లల తల్లి. మగపిల్లవాడు పుట్టేదాకా ఆపరేషన్ మాట ఎత్తకూడదని మొగుడి పట్టుదల. మూడో కాన్పులో రక్తం పోయి చావు తప్పింది. అందుకని మూడు నెలలకోసారి గర్భం రాకుండా నా దగ్గర ఇంజెక్షన్ వేయించుకునేది. పొద్దున పాల డెయిరీలో పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకునే వచ్చేది. తోడుగా తోడికోడలు, పెద్దామె, వచ్చేది. గౌరి సూది వేయించుకుంటుంటే ఆమె బయట బెంచీ మీద క్యాన్లు రెండూ పెట్టుకుని కాపలా కూర్చునేది. ఆ ఇంట్లో ఈ సంగతి తెలిసింది ఆ ఒక్కతెకే.

కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలని ఆ ఏడు నాకు బుద్ధి పుట్టింది. మూడు సాఫ్ట్‌వేర్లు చూశాను. అన్నిటికంటే చవకైనదాన్ని తిరుపతి నుంచి ఒకాయన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని తెచ్చాడు. మందుల చీటీ, స్కానింగ్ రిపోర్టు, పాత చరిత్ర, అన్నీ ఒక చోట. ఇంజెక్షన్ గడువు దగ్గర పడితే పేషెంటు ఫోనుకి దానంతటదే మెసేజి వెళుతుందన్నాడు. అందులో ఏముంటుందని అడిగాను. అడగలేదని తప్పించుకోవడానికి లేదు. ఏ ఇంజెక్షనో, ఎందుకో, ఏ తేదీకో ఉంటుందన్నాడు. కొందరికి పోకుండా ఆపాలంటే? దానికి పై ప్లాను తీసుకోవాలి మేడమ్ అన్నాడు. ఇంగ్లీషులోనే కదా పోయేది, ఈ పల్లెల్లో ఎవరు చదువుతారులే అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం.

పై ప్లాను కొనలేని స్థితి కాదు నాది. అదే నెలలో వెయిటింగ్ హాల్లో ఏసీ పెట్టించాను. పలమనేరులో ఏసీ. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే ఊళ్ళో.

కార్డులు ఎక్కించే రోజు మునెమ్మ గుమ్మంలో నిలబడి, “కింద సొరుగులోవి కూడా ఎక్కించేదా మేడమ్?” అని అడిగింది. బయట జనం ఉన్నారు. తల ఎత్తకుండా అన్నీ అన్నాను. తాళంచెవి తీసి ఇచ్చాను. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు సొంత ఫోను ఉండదు. నంబరు అడిగితే మొగుడిదే చెబుతారు. గౌరీ అదే చెప్పింది. ఎర్ర ఇంకు రాసింది అందుకే కదా. ఆ ఎర్ర ఇంకుకి నేను కొన్న చవక సరుకులో చోటు లేదు.

రెండు నెలలకు, ఒక పొద్దున గౌరి వచ్చింది. ఒంటరిగా. పెదవి చిట్లి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా మొగునికి ఎవురు సెప్పినారో తెలీదు డాక్టరమ్మా. సూది సంగతంతా తెలిసిపొయ్యుండాది. ఎవురు సెప్పినారంటే నోరు తెరవడు. మీ కాడ్నించి ఏమన్నా పోయిందా?”

ఆమె పేరు అప్పటికే నా ఎదుట కంప్యూటరులో తెరిచి ఉంది. మెసేజి చేరినట్టు పక్కన పచ్చటి టిక్కు. రెండు రోజుల కిందటి తేదీ. నేను తెరను కొంచెం నా వైపు తిప్పుకున్నాను. ఆమెకు చదువు రాదని తెలుసు. అయినా తిప్పుకున్నాను.

“ఈడ నుంచి ఏమీ పోలేదమ్మా.” అక్కడ ఆగినా సగం పాపమే అయ్యుండేది. ఆగలేదు. “నీ వెంట వచ్చే ఆమెకు తెలుసు కదా?”

“మా యక్క సెప్పదు మేడమ్.”

చీటీ రాస్తూ కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేకపోయినా రాశాను. కాసేపటికి ఆమే, “అక్కకు తప్ప ఇంకెవురికి తెలుసు,” అంది. అని క్యాను తీసుకుని వెళ్ళిపోయింది.

పెద్దామె చెప్పిందని నేను అనలేదు. అడిగాను, అంతే. ఈ మాటను ఇన్నేళ్ళూ మంత్రంలా జపించాను. ఎందుకు అడిగాను? మొగుడు వచ్చి క్లినిక్ ముందు గొడవ చేస్తాడనా? మంచి పేరు పోతుందనా? నిజానికి అంత ఆలోచించే వ్యవధి కూడా లేదు, ఎన్నాళ్ళుగానో నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది, నాకు అన్నిటికంటే రోత పుట్టించేది అదే. మొగుడు ఏ సెల్ షాపులోనో చదివించుకుని ఉంటాడు. పరాయివాడి చేత చదివించుకున్న సిగ్గుకి కాబోలు, ఆ సంగతి పెళ్ళానికి చెప్పలేదు. అతని సిగ్గు నా అబద్ధాన్ని కాపాడింది.

ఆ సాయంత్రమే కింది సొరుగు కార్డులన్నిటికీ కంప్యూటరులో ఫోను నంబర్లు తీసేయించాను. అరగంట పని. పై ప్లానూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఎందుకని మునెమ్మ అడగలేదు.

గౌరి ఇంజెక్షన్లు మానేసింది. మళ్ళీ కడుపు. కాన్పుకి తిరుపతి పెద్దాసుపత్రికి పంపాను. రెండు రోజులు ప్రాణం మీదికి వచ్చి బతికింది. మగపిల్లవాడు. మొగుడు మైసూరుపాకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని ఎదుటే ఒక ముక్క తిన్నాను. కక్కుకుని ఉంటే బాగుండేది. కక్కలేదు, అరిగించుకున్నాను.

మగబిడ్డతో ఆ ఇంట్లో మొగుడి కోపం తీరింది. తోడికోడళ్ళ మధ్య మాత్రం పెరట్లో గోడ లేచింది. ఇద్దరూ అదే డెయిరీలో పాలు పోస్తారు, ముందొకరు వెనకొకరు, పలకరింపు లేదు. నేనేమో ఏటా చిత్తూరులో నర్సింగు పిల్లలకు, రోగి రహస్యాన్ని ప్రాణంలా కాపాడాలని శ్రీరంగనీతులు చెప్పి శాలువా కప్పించుకుని వస్తున్నాను.

పోయిన నెల పెద్దామె మోకాళ్ళ నొప్పులని వచ్చింది. జుట్టు నెరిసింది. చీటీ తీసుకుని లేస్తూ, “ఆ పిల్ల నాతో మాట్లాడి ఆరేండ్లాయ. నేనేం సేసినానో సెప్పమంటే సెప్పదు. మీకేమన్నా సెప్పిందా అమ్మా?” అని అడిగింది. తనమీద ఉన్న నింద ఏమిటో కూడా ఆమెకు తెలియదు. లేదమ్మా అన్నాను. రెండోసారి కూడా నాకు నోరు తడబడలేదు. ఆ తడబడనితనమే నా చేత ఇది రాయిస్తోంది.

ఇప్పుడైనా వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. వాళ్ళ పల్లెకి అరగంట దారి. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. రేపు వెళతానని మీకు మాట ఇచ్చే ముఖం కూడా లేదు నాకు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అది కూడా నాకు దక్కాల్సింది కాదు.

గౌరికి ఇది చదవడం రాదు. ఆ మెసేజిని ఎవరో ఆమె మొగుడికి చదివి వినిపించినట్టే, దీన్నీ ఎవరైనా ఆమెకు వినిపించాలి. అంతా అక్కర్లేదు, ఈ ఒక్క ముక్క చాలు. చెప్పింది మీ అక్క కాదు గౌరీ, నేను.