రెండు టిక్కీల పాఠం

ఎప్పుడూ తప్పు చేయని ఆఫీసులో పనిచేయడం ఎంత హాయో ఈ కాలం పిల్లలకు తెలియదు. నాకు తెలుసు. సెల్‌ఫోన్లు ఇంకా పల్లెల్లోకి రాని ఆ రోజుల్లో, వినుకొండలో విదేశీ సాయంతో నడిచే ఒక సంస్థలో బీయస్సీ పట్టా, దాన్ని మించిన నోరు పట్టుకుని చేరాను. నెల నెలా నివేదిక పంపాలి. అందులో చివరి గడి 'ఈ నెల నేర్చుకున్న పాఠం'. మా పెద్దాయన (చాటుగా 'ఫారాల సారు' అనేవాళ్లం) మొదటి రోజే చెప్పేశారు: "అమ్మాయ్, అక్కడ బుర్ర పెట్టకు. 'సమన్వయం మరింత మెరుగుపడాలి' అని రాసెయ్. ఆరేళ్లుగా మేం అదే నేర్చుకుంటున్నాం." నేనూ ఐదు నెలలు అదే నేర్చుకున్నాను. ఆరో నెలలో విదేశం నుంచి ఒకావిడ వచ్చి మేమేం నేర్చుకుంటున్నామో చూస్తుందనీ, ఆవిడ మెచ్చితేనే నా ఉద్యోగం ఖాయమనీ అన్నారు.

ఈలోగా మిరపకోతలు వచ్చాయి. పక్క ఊరి మహిళా సంఘానికి పెద్ద, మేం మిరపమామ్మ అని పిలిచే ఆవిడ, కల్లంలో కాయలు ఎండబోసింది. మా సంస్థ వేసిన పుస్తకంలో పది రోజులు ఎండితే చాలని ఉంది. పదో రోజున వెళ్లి "ఇక బస్తాలకెత్తండి" అన్నాను. మామ్మ ఓ కాయ తీసి చెవి దగ్గర ఊపింది.

"గింజ పలకట్లా. ఇంకో మూడెండలు కావాల."

"మామ్మా, ఇది శాస్త్రం."

"నీ శాస్త్రానికి ఈ ఏటి మంచు సంగతి తెలుసంటా?"

వాదనలో నన్ను గెలిచినవాళ్లు మా ఇంట్లోనే లేరు. చివరికి మామ్మే విసిగిపోయి, నా మాట మీద రెండు టిక్కీలు (మా వైపు మిరప బస్తాని టిక్కీ అంటారు) కట్టించింది. వారం తిరక్కుండా రెండూ బూజు పట్టాయి. ఆ నెల నివేదికలో ఏం రాశానో చెప్పక్కర్లేదు. సమన్వయం మెరుగుపడాలి!

దొరసాని రానే వచ్చింది. కల్లంలోనే మంచం వేసి కూర్చోబెట్టారు. మాటలు అటూ ఇటూ చేర్చేది ఎవరంటే, ఇంకెవరు, నేనే. "మీరూ ఈ సంస్థా కలిసి ఈ ఏడు ఏం నేర్చుకున్నారు?" అని ఆవిడ అడిగిందాన్ని తెలుగులో చెప్పాను. మామ్మ గొంతు సవరించుకుంది.

"చెప్పవే అమ్మాయ్. పుస్తకం చూసి నువ్వు కట్టించిన రెండు టిక్కీలూ బూజు పట్టినయ్యని, నా మాట వినకనే పట్టినయ్యని, ఇకనన్నా కాయ ఊపి చూసి కట్టమని చెప్పు."

ఫారాల సారు ముఖం రంగు పోయిన తాలుకాయలా తెల్లబడింది. నేను దొరసాని వైపు తిరిగి, సమన్వయం మెరుగుపడాలంటోందని ఇంగ్లీషులో చెప్పాను.

"ఏందే, నేనంత చెబితే ఇంగిలీషులో ఇంతేనా?" అంది మామ్మ.

కల్లమంతా గొల్లుమంది. దొరసాని నన్నే చూస్తోంది. ఉద్యోగం పోతే పోయిందని (నిజానికి మామ్మ వదిలేలా లేదని) మొత్తం చెప్పేశాను, ఆ బూజు నా పుణ్యమేనన్న ముక్కతో సహా. ఆవిడ కలం పక్కన పెట్టి, ఓ కాయ తీసుకుని, తనూ చెవి దగ్గర ఊపి చూసింది. తరవాత సారు వైపు తిరిగి, "ఇది మీ నివేదికల్లో ఎక్కడుంది?" అంది. సారు ఇప్పటికీ వెతుకుతున్నారేమో.

నా ఉద్యోగం ఖాయమైంది. మొదటి పని, పుస్తకంలో ఆ పేజీని మామ్మ దగ్గర కూర్చుని తిరగరాయడం.

ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. నివేదికలన్నీ చివరి గడి నుంచి చదువుతాను, 'సమన్వయం' కనిపించిందా, తిప్పి పంపేస్తాను. మొన్న మా కొత్తమ్మాయి నేను పంపబోయే నివేదికే పట్టుకొచ్చి, "మేడమ్, మీ చివరి గడి ఒకసారి చూస్తారా?" అంది. చూశాను. అదే వాక్యం, నా దస్తూరీలో. (నోరున్న పిల్ల, పైకొస్తుంది.) మిరపమామ్మ నన్నిప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఏమంటుందో నాకు తెలుసు.

"ఇంకో మూడెండలు కావాల."