అనంతమైన మందకు పొట్టేలు

ముప్పై రెండు గొర్రెలున్న మందను ఒకే ఒక్క సమీకరణంతో దెబ్బతీసినవాణ్ణి నేను. ఈ కథ ఇన్నాళ్ళూ మా మేనమామ చెంగయ్య చెప్పేవాడు. పెళ్ళిళ్ళలో, పంక్తిలో నేను వడ్డిస్తుండగానే చెప్పేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇక చెప్పేవాళ్ళు లేరు కనుక నా పరువు నేనే తీసుకోవాలి.

మామది తోటపల్లి గూడూరు పక్క పల్లె. రెండేళ్ళకోసారి తన పొట్టేలును కోట అనే ఊళ్ళో ఉండే ఖాదర్ సాయిబుకు ఇచ్చి, సాయిబు పొట్టేలును తెచ్చుకునేవాడు. ఇద్దరి తండ్రుల నాటి నుంచీ సాగుతున్న మార్పిడి అది.

నేనప్పుడు జన్యువుల లెక్కల మీద పరిశోధన చేస్తున్నాను. చేస్తున్నానని అందరికీ చెప్పడం కూడా పరిశోధనే అనుకునే వయసు. సెలవులకు వచ్చి, మామ పొట్టేలుకు తాడు కడుతుంటే అడ్డుపడ్డాను. కొన్ని జన్యువులు సొంతంగా ఏ పనీ చేయవనీ, మిగతావి ఎంత మారాలో, ఎంత కలవాలో, ఒక మంద నుంచి ఇంకో మందకు ఎంత పోవాలో మాత్రం హెచ్చిస్తాయనీ, తగ్గిస్తాయనీ వివరించాను.

మామ ముడి వేస్తూనే విన్నాడు. "అంటే అది మెయ్యదు, ఈనదు. పక్కనోళ్ళ కాపురంలో ఏలు పెడతాది. మీ అత్త తమ్ముడు మాదిరి."

నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. పరిసరాలు మారనంత కాలం, మందల మధ్య రాకపోకలను తగ్గించే జన్యువే చివరికి అంతటా వ్యాపిస్తుందని లెక్కలో తేలిందన్నాను. కాబట్టి బయటి పొట్టేలు వద్దన్నాను.

"నీ లెక్కలో మంద ఎంతబ్బయా?"

"అనంతం, మామా."

"మనయి ముప్పై రెండు."

"లెక్క సులువు కోసం అట్లా అనుకుంటాం."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. కసాయివాడికి కనీసం గొర్రెలను లెక్కపెట్టడం వచ్చు. మా ఇంట్లో అంత చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం మామ దురదృష్టం. ఆయన తాడు విప్పేశాడు.

మామ రాకపోయేసరికి, మరునాడు సాయిబే తన పొట్టేలును ఆటోలో ఎక్కించుకుని అంతదూరం వచ్చాడు. మామ మొహం చూపలేక నన్ను ముందుకు తోశాడు. పాఠమంతా మళ్ళీ చెప్పాను. "చదువుకున్న పిల్లోడు చెప్తుండాడు గదా చెంగయ్యన్నా," అని మాత్రం అని, సాయిబు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మరో రెండేళ్ళు పాత పొట్టేలే మందను ఏలింది. తన కూతుళ్ళకే మొగుడైంది. వాటికి పుట్టినవాటిలో ఏడు పిల్లలు లేచి నిలబడలేదు. ఒకదానికి దవడ వంకర. పొదుగు అందుకోలేక అరుస్తుంటే అత్త సీసాతో పాలు పట్టింది. నేను ఆ లెక్క ఉన్న పుస్తకం మళ్ళీ తెరిచాను. ఏది వ్యాపిస్తుందో చెప్పే లెక్క అది. మందకు ఏది మేలో చెప్పదు. ఆ సంగతి మొదటి పేజీలోనే ఉంది. అనంతం కూడా అక్కడే ఉంది.

మామ తిట్టలేదు. "సాయిబు కాడికి నువ్వే పో," అన్నాడు. తిట్టినా బాగుండేది.

బస్సులో క్షమాపణ వల్లించుకుంటూ కోట చేరాను. సాయిబు సగం విని, "తప్పు లెక్కదా, గొర్రెలదా?" అని అడిగాడు. నాదేనన్నాను. ఆయన ఒక పొట్టేలును విప్పి, తాడు నా చేతికిచ్చి, మామకు ఫోన్ చేశాడు.

"అన్నా, పొట్టేలును ఆటోలో పంపిస్తుండా. మార్పిడి కింద ఈ పిల్లోణ్ణి ఈడ్నే కట్టేసుకుంటా."

ఫోనులోంచి మామ గొంతు నాకూ వినపడింది.

"వద్దు సాయిబూ. నీ మంద గూడా చెడతాది."

ఇకమీదట మందను లెక్కపెట్టకుండా ఏ సమీకరణమూ పలకనని ఆటోలో ఆ పొట్టేలు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇప్పుడు మందను అత్త చూసుకుంటోంది. ఈ ఏడు మళ్ళీ మార్పిడి ఉంది. తాడు కట్టాల్సింది నేనే. కడతాను. నోరు మాత్రం విప్పను.