రాజేందర్ సర్వర్, జానకీదేవి గొంతు

పంజాగుట్టలో మెట్రో వంతెన పక్కనుంచి లోపలికి పోయే ఒక సందులో, ఓ పాత ఇంటి కింది వాటాలో చూపులేని విద్యార్థుల కోసం నడిచే చిన్న శబ్ద గ్రంథాలయం ఉంది. డిగ్రీ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు అక్కడ కొందరు తీరిక చేసుకుని వచ్చి పైకి చదువుతారు. ఆ చదువు రికార్డయి సర్వర్‌లోకి చేరుతుంది. పిల్లలు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలోనో, బస్సుల్లోనో ఫోను చెవికి ఆనించుకుని వింటారు. ఆ సర్వర్‌ని చూసుకునే మనిషి రాజేందర్. చూసుకోవడం అన్నది మాటవరసకే. అతనికీ చూపు లేదు.

రాజేందర్ పుట్టింది సిరిసిల్లలో. తండ్రి భిక్షపతి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. రాజేందర్ ఇంటర్ చదువుతుండగా చూపు తగ్గడం మొదలైంది. మొదట రాత్రిపూట కనపడేది కాదు, తరవాత పక్కన నిలబడ్డ మనిషి కనపడేవాడు కాదు, డిగ్రీ పూర్తయ్యేసరికి ఎదుటి మనిషీ లేడు. కంటి వెనక పొర పాడైందని, దానికి మందు లేదని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో అందరూ ఏడ్చి అలిసిపోయాక భిక్షపతి కొడుకు పక్కన వచ్చి కూర్చున్నాడు.

"చెవులు మంచిగనే ఉన్నయి కదరా. చెవులతోని చేసే పని ఏదన్న ఉంటే నేర్చుకో. నేను పంపిస్త," అన్నాడు.

అలా రాజేందర్ హైదరాబాద్ వచ్చాడు. స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ వాడటం నేర్చుకున్నాడు. తరవాత అమీర్‌పేట. అక్కడి ఫుట్‌పాత్ మీద నడిచే ప్రతివాడి చేతిలోనూ ఎవరో ఒకరు కోర్సుల కాగితం పెడతారు. రాజేందర్ చేతిలోనూ పెట్టారు. ఆ కాగితాలు పక్కవాళ్ళతో చదివించుకుని, ఇరుకు మెట్లెక్కి ఇన్‌స్టిట్యూట్‌లన్నీ తిరిగాడు. ఎవరూ కసురుకోలేదు గానీ అందరిదీ ఒకటే సందేహం: బోర్డు కనపడని మనిషికి పాఠం ఎలా చెప్పడం?

రఘురామ్ గారు అనే ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "నాకూ తెలీదండీ. మీలాంటి విద్యార్థి నాకు ఇంతవరకూ రాలేదు. ఓ వారం కూర్చోండి, ఇద్దరం కలిసి కనుక్కుందాం," అన్నాడు.

ఆయన చెప్పేది సర్వర్లని నడిపే లినక్స్. అందులో బొమ్మలు, బటన్లు వెతుక్కునే పని లేదు. ఒక మాట రాయాలి, దానికొచ్చిన జవాబు వినాలి. రాజేందర్‌కి అది సొంత ఇంటికి వచ్చినట్టనిపించింది. రఘురామ్ బోర్డు మీద రాసే ప్రతి చుక్కనీ గీతనీ నోటితో కూడా చెప్పడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో మరిచిపోయి, నాలిక కరుచుకుని వెనక్కొచ్చి చెప్పేవాడు. కోర్సు అయిపోయేనాటికి మరిచిపోవడం మానేశాడు. ఆయన మాట వస్తే రాజేందర్ ఇప్పటికీ కూర్చున్నచోట కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

గ్రంథాలయంలో ఉద్యోగం దొరికాక అతను సర్వర్‌ని తన చేత్తోనే కట్టుకున్నాడు. ప్రతి విద్యార్థికీ ఒక ఖాతా, ఒక ఫోల్డరు. ఎవరికి కావలసిన పాఠాలు వాళ్ళ ఫోల్డరులో. ఎవరు ఏ పాఠం ఎక్కడ ఆపారో ఆ గుర్తు కూడా అందులోనే.

డిగ్రీ పరీక్షలు దగ్గరపడిన రోజులవి. ఒక సాయంత్రం రాజేందర్ రవళి అనే కొత్త విద్యార్థిని పేరు సర్వర్‌లో చేర్చి ఇంటికి బయల్దేరాడు. అతను మెట్రో ఎక్కేసరికే పెద్ద వాన. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. సర్వర్ కింద ఉన్న బ్యాటరీ పాతది, అంత గడబిడకి తట్టుకోలేకపోయింది.

పొద్దున అతను తాళం తీస్తుండగానే రవళి ఫోన్ చేసింది.

"అన్నా, నా పేరు చేర్చానన్నారు కదా. లోపలికి వెళ్ళనివ్వట్లేదు. హాస్టల్లో ఎవరికీ వెళ్ళనివ్వట్లేదు."

"ఫికర్ చేయకు. జర చూసి చెప్త," అన్నాడు రాజేందర్.

తన ఖాతాతో ప్రయత్నించాడు. తననీ రానివ్వలేదు. సర్వర్‌కే నేరుగా కీబోర్డు తగిలించి కూర్చున్నాడు. మామూలుగా మీట నొక్కగానే మాట్లాడే స్పీకరు ఏమీ అనలేదు. ఖాతాలో ప్రవేశిస్తేనే ఆ గొంతు లేస్తుంది, ప్రవేశించడానికి ఖాతా దొరకడం లేదు. ఫోన్ కెమెరా స్క్రీన్‌కి ఎదురుగా పెట్టి, చదివే యాప్ తెరిచాడు. నల్లటి తెర మీది సన్నటి అక్షరాలను అది తోచినట్టు చదివింది. చుక్కల్నీ గీతల్నీ మింగేసింది. ఈ పనిలో చుక్క తప్పితే అంతా తప్పినట్టే.

ఫోన్ మోగుతూనే ఉంది. హాస్టల్లో పిల్లలు ఏ పాఠం మధ్యలో ఆగిపోయి ఉంటారో అతనికి తెలుసు. అన్నీ చెరిపి మళ్ళీ మొదటినుంచి కట్టొచ్చు, కానీ దానికి రోజులు పడతాయి, పరీక్షలు ఆగవు.

అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. జానకీదేవి వచ్చింది. బేగంపేటలో ఉంటుంది, స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. వారంలో రెండు పూటలు వచ్చి చరిత్ర పుస్తకాలు చదివి పెడుతుంది.

"ఏంటి బాబూ, ఇవాళ నీ మిషను మాట్లాడట్లేదు?" అంది.

రాజేందర్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. బస్‌స్టాపులో నంబరేదని ఎవరినైనా అడుగుతాడు. రోడ్డు దాటించమనీ అడుగుతాడు. కానీ ఈ గదిలో, ఈ కుర్చీలో, ఇన్నేళ్ళలో ఎవరి కళ్ళూ అడగలేదు. చెప్పుకోడు గానీ, అది అతనికి పెద్ద గొప్ప.

"అమ్మా, మీకు రికార్డింగ్ లేటయితదేమో. నాకు జర స్క్రీన్ చదివి పెడ్తరా?" అన్నాడు చివరికి.

"నాకు కంప్యూటర్ అంటే ఓనమాలు రావు నాయనా."

"రాకుంటేనే మంచిది. మీకు తెల్సింది కాదు, కనపడ్డది చెప్పండి. ఒక్క చుక్క సుత వదలొద్దు."

కుర్చీ జరిగిన చప్పుడు, కళ్ళజోడు డబ్బా తెరిచిన చప్పుడు వినిపించాయి. "కానివ్వు," అందామె.

అతను మిషన్ ఆపి, మళ్ళీ వేశాడు. ఖాతాలు అడగకుండానే లోపలికి పోయే దారి ఒకటుంటుంది, మిషన్ లేచే సమయంలోనే దానికి చెప్పాలి. అతను మీట నొక్కుతుంటే తెల్ల గీత ఏ వరస మీదికి దిగిందో ఆమె చెబుతూ పోయింది. సరైన వరస దగ్గర ఆగి, కావలసిన మాట రాశాడు. ఆమె దాన్ని అక్షరమక్షరం తిరిగి చదివింది. మిషన్ లేచింది.

"ఏమొచ్చింది అమ్మా?"

"విచిత్రంగా ఉంది. 'ఐ హ్యావ్ నో నేమ్' అని ఉంది. నాకు పేరు లేదు అంటోంది బాబూ."

రాజేందర్ ఊపిరి వదిలాడు. "మంచి మాట చెప్పిన్రు. రోగం దొరికింది."

మిషన్‌లో ఎవరెవరున్నారో రాసి ఉండే ఫైలు ఒకటుంటుందని, అది పాడైతే మిషన్‌కి తన యజమాని పేరు కూడా తెలియదని చెప్పాడు. ఆ ఫైలు తెరిచాడు.

"టోపీ లాంటి గుర్తు, పక్కన ఎట్ గుర్తు. మళ్ళీ టోపీ, మళ్ళీ ఎట్. స్క్రీన్ నిండా అవే," అందామె.

పాత బ్యాటరీ నిన్నటి కరెంటు గడబిడకి తట్టుకోక పేర్లన్నీ పోయాయని, ఉత్త ఖాళీ మిగిలిందని చెప్పాడు రాజేందర్. ఆ ఫైలు ఉండే చోట అలాంటి పేరుతో ఇంకేమున్నాయో చూపించమని మిషన్‌ని అడిగాడు.

"అదే పేరు రెండుసార్లు వచ్చింది," అంది జానకీదేవి.

"ఒకే పేరు రెండుసార్లు ఉండదమ్మా. చివర్ల ఏమన్న ఉన్నదా?"

ఆమె తెరకి దగ్గరగా జరిగినట్టుంది, గొంతు పక్కకి వచ్చింది. "ఉంది, రెండోదాని చివర చిన్న అడ్డగీత. స్క్రీన్ మీద మరకేమో అనుకున్నా."

అది మరక కాదు. ఖాతాల ఫైలు మార్చిన ప్రతిసారీ అంతకుముందున్నదాన్ని మిషన్ ఆ అడ్డగీత పేరుతో దాచుకుంటుంది. రాజేందర్ దాన్ని తెరిచి చదవమన్నాడు. మిషన్ తన పనులకి వాడుకునే పేర్లు అయ్యాక పిల్లల పేర్లు మొదలయ్యాయి. కేదార్, హైందవి, సాయికిరణ్... ఆమెకి తెలియకుండానే గొంతు మారి తరగతిలో హాజరు పిలిచినట్టయింది. అతను తల ఊపుతూ విన్నాడు. ఒక్కో పేరుకీ ఒక్కో మనిషి అతనికి గుర్తొచ్చాడు.

జాబితా అయిపోయింది. "రవళి రాలే," అన్నాడు.

"లేదు. చివరి పేరు ప్రమోద."

రవళిని చేర్చకముందు దాచిన ఫైలు కదా అది, అందుకే ఆమె లేదు. పాతదాన్ని అసలు ఫైలు స్థానంలో పెట్టాడు. రవళి ఫోల్డరు మాత్రం డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంది. అది ఏ ఖాతాదో తెలిపే నంబరు జానకీదేవి చదివి చెప్పింది. ఆ నంబరుతోనే రవళి వరస కొత్తగా రాశాడు. పాస్‌వర్డులు ఉండేది వేరే ఫైలులో, దానికి ఏమీ కాలేదు.

"మళ్ళొక్కసారి చదవండి అమ్మా."

ఆమె చదివింది. మధ్యలో ఆగింది. "పై వరసల్లో ఇక్కడ ఒకదాని మీద ఒకటిగా ఉండే రెండు చుక్కల గుర్తు పక్కపక్కనే రెండుసార్లు ఉంది. నువ్వు ఒక్కసారే పెట్టావు."

నిజమే, అతనే తప్పాడు. దిద్దుకున్నాడు. మిషన్ మళ్ళీ వేశాడు. బయట మెట్రో రైలు వెళ్ళిన ఊపు కిటికీ అద్దాల్లో వినిపించి ఆగింది. రాజేందర్ తన పేరు, పాస్‌వర్డు రాశాడు. స్పీకరులోంచి తెలిసిన గొంతు లేచి అతని పేరు చదివింది.

రవళికి ఫోన్ చేశాడు. కాసేపటికి అటునుంచి, "వచ్చింది అన్నా, పాఠాలన్నీ ఉన్నాయి," అని వినిపించింది.

"నాకు కాదు, ఈ అమ్మకు చెప్పు," అని ఫోన్ జానకీదేవి చేతిలో పెట్టాడు.

ఆమె "హలో" అంది, అంతే. అటువైపు రవళి ఆ గొంతు పోల్చుకుంది. "మీరు కాకతీయుల పాఠం చదివిన మేడమ్ కదండీ? మా సీనియర్ ఫోన్లో విన్నాను. మీ పాఠమైతే పేర్లు ఒక్కసారికే పట్టుబడతాయి," అంది.

జానకీదేవి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ముక్కు తుడుచుకున్న చప్పుడు రాజేందర్ విన్నాడు, విననట్టే ఉన్నాడు.

సందు చివరి కొట్టునుంచి టీ తెప్పించాడు. "మీరు లేకుంటే ఇయ్యాల నా పని ఐపోయేదమ్మా. మస్తు మేలు చేసిన్రు," అన్నాడు.

"నేనే నీకు చెప్పుకోవాలి. మా ఆయన పోయాక ఇల్లు మూగబోయిందని ఇక్కడికొచ్చి చదవడం మొదలుపెట్టా. తలుపులేసిన గదిలో గోడలకే చదువుతుంటాను, ఎవరు వింటున్నారో తెలీదు. ఇవాళ చదివిన ప్రతి ముక్కకీ వెంటనే జవాబొచ్చింది," అందామె.

రాజేందర్ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఈ కుర్చీలో ఎవరినీ అడగకూడదని ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న బరువు ఒంటిమీంచి దిగినట్టు భుజాలు తేలికగా ఉన్నాయి. ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది.

"బ్యాటరీ మార్పించు. ఆ పేర్ల ఫైలు ఇంకెక్కడైనా కూడా దాచిపెట్టు."

"అదే చేస్తున్నమ్మా," అన్నాడు. అప్పటికే అతని వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి.

రికార్డింగ్ గది తలుపు మూసుకుంది. ఆ పూట పాఠం ఆలస్యంగా మొదలైంది.