ముందు నడిచిన చప్పుడు

మొన్న స్కూలు ఆటో రాలేదని మా మునిమనవరాలు అరుగు మీద చతికిలబడింది. బడి నాలుగు సందుల అవతలే. అయినా నడవనంటుంది. మూతి ముడుచుకుని కూర్చున్న ఆ తీరు చూస్తే నాకు నవ్వొచ్చింది. నరసరావుపేటలో ఆరేళ్లప్పుడు నేనూ అచ్చం అలాగే కూర్చునేదాన్ని. కాకపోతే అప్పుడు నా ఆటో మా నాయనమ్మ చంక.

యుద్ధం రోజులవి. రోజూ నన్ను బడికి మోసి మోసి నాయనమ్మకు నడుం పట్టేసింది. నాకు నడక రాక కాదు. సందు మలుపులో ఒకాయన పందెం పుంజును మేపేవాడు. దాని కాలికి తాడు వేసి గుంజకు కట్టి ఉంచినా, అది నా కోసమే ఆ తాడు తెంపుకుంటుందని నా గట్టి నమ్మకం. నాన్న విసిగిపోయి, దసరా దాకా చూస్తాను, అప్పటికీ నడవకపోతే బడి మానిపించేస్తాను, ఆడపిల్లకు చదువు రాకపోతే కొంపేమీ మునగదు అన్నాడు. నాకు బడంటే ప్రాణం. ఏడుపొచ్చింది గానీ అడుగు మాత్రం పడలేదు.

మా ఎదురింట్లో దూదేకే తాత ఉండేవాడు. నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని, పరుపుల దూది ఏకించుకునేవాళ్లకు వినపడేలా దాని నారిని టంయ్ టంయ్‌మని మీటుతూ ఊరంతా తిరిగేవాడు. నాయనమ్మ గోడు విని మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందుకొచ్చాడు. నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు.

"చెయ్యి పట్టుకోనమ్మా. నేను ముందు పోతా ఉంటా. ఈ చప్పుడు ఇనపడినంత దూరం నేనున్నట్టే."

మొదట్లో పది అడుగుల ముందు నడిచేవాడు. పుంజు దగ్గరకొచ్చేసరికి ఇంకాస్త గట్టిగా మీటేవాడు. వారం తిరిగేసరికి పది అడుగులు ఇరవై అయ్యాయి, ఆ తర్వాత ఒక మలుపు అయింది. నా చెవులు రెండూ ఆ నారి మీదే ఉండేవి గనుక పుంజును చూడడానికి తీరిక లేకపోయింది. దసరాకు ఇంకా పది రోజులున్నాయనగా, ఒక పొద్దున అలవాటు కొద్దీ నడిచొచ్చి బడి మెట్టు ఎక్కి చెవి ఒగ్గితే, టంయ్‌మన్న చప్పుడు ఊరికి అటు చివర స్టేషను వైపు నుంచి సన్నగా వినిపించింది. నేను ఒక్కదాన్నే వచ్చేశానన్న మాట. అక్కడే నిలబడి భోరుమన్నాను. ఎవరు కొట్టారమ్మా అని పంతులుగారు కంగారుపడ్డారు.

మర్నాడు నాన్న నమ్మక నా వెనకాలే దూరంగా వచ్చి చూశాడు. మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు. నేను పెద్దయ్యాక నాయనమ్మ అసలు సంగతి చెప్పింది.

"బడి పక్కన దూది ఏకించుకునేవాళ్లు ఎవరున్నారే? ఆయన బేరాలన్నీ స్టేషను కాడే. నీ కోసం చానా పొద్దులు పోగొట్టుకున్నాడు."

నిన్న కూడా ఆటో రాకపోతే, నేను మునిమనవరాలికి చెయ్యి ఇవ్వకుండా, కర్ర టకటకలాడిస్తూ ముందు నడిచాను. నాలుగు సందులకు రెండుసార్లు కూలబడ్డాను. కూర్చున్న ప్రతిసారీ నా చెవులు వెనకాల వచ్చే చిన్న చెప్పుల చప్పుడు మీదే ఉన్నాయి. ఆ పొద్దున స్టేషను దగ్గర తాత కూడా మీటడం ఆపి, బడి వైపు చెవి ఒగ్గి ఎంతసేపు నిలబడ్డాడో. అది నాకు తోచడానికి ఎనభై ఏళ్లు పట్టింది.