ఎదురుపాట లేని బండి

నెల్లూరులో పోలీసు వేలానికి వచ్చేవాళ్ళలో నాకు నచ్చిన మనిషి ఒక్కడూ లేడు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. పాత ఇనుము వ్యాపారులు, లారీ బ్రోకర్లు, ఏ పనీ లేక చూడ్డానికి వచ్చినవాళ్ళు. అందరూ పొద్దున్నే స్టేషను ఆవరణలో గోడ నీడ పట్టుకుని నిలబడేవాళ్ళు. నేను ఎండలో నిలబడేవాణ్ణి. వాళ్ళ పక్కన నీడ కన్నా ఎండే నయం.

అవి మద్యనిషేధం రోజులు. చిట్టమూరు వైపు నుంచీ, ఇంకా దక్షిణాన సరిహద్దు నుంచీ సారా డబ్బాలు కార్లలో వచ్చేవి. దొరికిన కారును జప్తు చేసి, కేసు తేలేదాకా ఆవరణలో ఎండకూ వానకూ వదిలేసి, తేలాక వేలం వేసేవాళ్ళు. ఇంజను తిప్పి చూడనివ్వరు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరగడమే. అందుకని వాసన చూడాలి. తలుపు సందులోంచి చెయ్యి పెట్టి అడుగు రేకు నొక్కి చూడాలి, ఉప్పుగాలికి అది అప్పడంలా విరుగుతుందేమోనని. బండి కింద ఇసుకలో నూనె మరక ఎంత మేర పారిందో చూడాలి. జప్తు చేసిన నాటి టైర్లు వేలం నాటికి ఉంటాయనుకునేవాడు ఇంటికి పోవడం మంచిది.

నాకు బండి కావాలి. మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. మా పొలాలన్నీ నాన్నగారి దావాల్లో కరిగిపోయాయి. ఆయన పోయాక మిద్దె ఇల్లు, అమ్మ, నేను మిగిలాం. ఒకరి దగ్గర కొలువు చేసిన రక్తం కాదు మాది. చేతనైన పని ఒక్కటే, కారు నడపడం. బస్సు అందని రోగులను నెల్లూరు ఆసుపత్రికీ, పెళ్ళివాళ్ళను మైపాడుకూ, ఆదివారాలు క్రైస్తవులను చర్చికీ కిరాయికి తిప్పితే మా ఇద్దరికీ జరుగుబాటు అవుతుంది. అందుకోసం మిద్దె పైభాగంలోని టేకు తలుపులూ కిటికీలూ ఊడదీయించి అమ్మాను. ఆ డబ్బు చేజారితే ఇంకేం ఊడదీయాలో నాకు తెలియదు.

ఆ వేలంలో నేను చూసిపెట్టుకున్నది బూడిదరంగు ఇంగ్లీషు బండి. చిన్నది, పెట్రోలు పొదుపుగా తాగేది, అడుగు రేకు గట్టిది. దాని పక్కనే ఇంకొకటి ఉంది. నల్లటి పెద్ద అమెరికా కారు. దాన్ని నేను రాగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు నాన్నగారిదే. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నది దాని మీదే. ఆయన ఒక మిల్లు యజమానికి అమ్మితే అది చేతులు మారి మారి, చివరకు వెనక సీటు పీకించుకుని సారా మోసింది. నేను దాని వైపు మళ్ళీ చూడలేదు. చూస్తే గోడ నీడలోని వాళ్ళు నన్ను చూస్తారు.

ఆ నీడలో ఒక కూటం ఉండేది. ఎవరు పాడాలో ముందే అనుకుంటారు. ఒకడే పాడతాడు, మిగిలినవాళ్ళు నోరు మెదపరు. బండి చవగ్గా దక్కాక వెనక వీధిలో టీ అంగట్లో కూర్చుని, తమలో తాము మళ్ళీ పాట పెట్టుకుని, వచ్చిన తేడా పంచుకుంటారు. టైర్ల కొట్టువాడు ఆ కూటానికి పెద్ద. మల్లెపువ్వులాంటి చొక్కా, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. వాళ్ళ నాన్న మా తాతగారి ఎడ్లబండి తోలినవాడు.

హెడ్డు కానిస్టేబులు ముందు నల్ల కారు దగ్గరికే వచ్చాడు. "సర్కారు పాట ఎనిమిది వందలు. పాడేవాళ్ళు పాడండి."

టైర్ల కొట్టువాడు కిళ్ళీ ఉమ్మి, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇది పెద్దింటి బండి. చిన్నయ్యగారు వచ్చినారు. ఎవురూ నోరు తెరవొద్దు. ఆ ఇంటి సొత్తు మీద ఎదురు పాడితే ఉసురు తగులుద్ది."

మా వైపు అలాంటి మర్యాద ఒకటి ఉంది. చితికిన ఇంటివాడు తన ఇంటి సొత్తు తాను పాడుకుంటుంటే మిగిలినవాళ్ళు తప్పుకుంటారు. గిన్నెల వేలంలోనూ ఎడ్ల వేలంలోనూ చూశాను. కానీ అది ఏడుస్తూ వచ్చినవాళ్ళ కోసం పెట్టిన మర్యాద. నేను ఏడుస్తూ రాలేదు. ఆ బండి కోసమే రాలేదు.

అందరూ నా వైపు తిరిగారు. వద్దంటే, డబ్బులేక వద్దన్నాడంటారు.

"తొమ్మిది వందలు," అన్నాను.

ఎవడూ మాట్లాడలేదు. ఒక ముసలాయన తల పంకించి, పక్కవాడితో "పాపం, దక్కించుకోనీలే" అన్నాడు.

ఆ 'పాపం' నా చెవిలో పడింది. ఆ కారు విలువ ఎంత లేదన్నా పదిహేను వందలు. వీళ్ళు నోరు మూసుకోవడం వల్ల నాకు తొమ్మిది వందలకు వస్తోందంటే, మిగతా ఆరు వందలూ వీళ్ళు నా జోలెలో వేస్తున్నారన్నమాట.

హెడ్డు లాఠీతో బానెట్ మీద కొట్టాడు. "తొమ్మిది వందలు ఒకటోసారి. రెండోసారి."

"వెయ్యి," అన్నాను.

హెడ్డు ఆగిపోయాడు. "అయ్యా, తొమ్మిది వందలు తమదే గదా."

"తెలుసు. వెయ్యి రాసుకో."

"మీమీద మీరే పాడుకుంటున్నారు సార్."

"పన్నెండు వందలు."

గోడ దగ్గర నవ్వులు మొదలయ్యాయి. "ఏందబ్బా ఇది, ఎదురు ఎవురూ లేకపోయినా ఎగబడతాండాడు!" అని ఒకడు. "గమ్మునుండరా, ఆయన ఇంకా తేల్చుకోలేదు ఎవురు గెలవాల్నో," అని ఇంకొకడు. హెడ్డు దిక్కుతోచక, కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆయన విసనకర్ర ఆపకుండానే, "రాసుకోవయ్యా, సర్కారుకేం నష్టం" అన్నాడు.

పదిహేను వందలు అన్నాక నేను ఆగాను. అది దాని ధర. మూడోసారి లాఠీ పడింది. తర్వాత బూడిదరంగు బండి వచ్చింది. నా దగ్గర మిగిలింది దాని సర్కారు పాటకు కూడా చాలదు. టైర్ల కొట్టువాడు ఎదురుపాట లేకుండా దాన్ని కొట్టేశాడు.

నల్ల కారుకు నాలుగు టైర్లలో రెండు చీలికలు. ఎడ్లు కట్టించి లాగించాల్సి వచ్చింది. ఆవరణ గేటు దాటేదాకా గోడ నీడలోని వాళ్ళంతా పిలవకుండానే వచ్చి బండి తోశారు. చెయ్యి తియ్యండని గట్టిగా చెప్పాను. తియ్యలేదు. "మీరు పక్కకు రండి చిన్నయ్యగారూ, చొక్కా మాసిపోద్ది," అన్నాడు టైర్ల కొట్టువాడు. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే క్షమించేవాణ్ణి.

ఇంటికి చేరేసరికి ఈ కథ నాకన్నా ముందే చేరింది. అమ్మ అరుగు మీద నిలబడి ఎడ్లనూ కారునూ నన్నూ వరసగా చూసింది.

"నీమీద నువ్వే పాడుకున్నావంట?"

"ధర పెట్టి కొన్నాను. ఎవరి దయా తీసుకోలేదు."

"మీ నాయనా ఇంతే. ఆఖరి దావాలో సొంత తమ్ముడి మీద గెలిచినాడు. ఉమ్మడి పొలం వకీళ్ళకు పోయింది." లోపలికి పోతూ అంది, "పైన తలుపులు లేవు, కింద టైర్లు లేవు. గాలికి కొదవ లేదు మనకు."

ఆమె నాకేమీ తగ్గలేదు, నేను ఆమెకేమీ తగ్గలేదు. ఆ కారు నీళ్ళు తాగినట్టు పెట్రోలు తాగే రకం. కిరాయికి పనికిరాదని నాకూ తెలుసు. బుచ్చిరెడ్డిపాలెం రైతు ఒకాయన దాని ఇంజను అడిగాడు, మడికి నీళ్ళు తోడే పంపుకు బిగించుకోవడానికి. ఇచ్చాను. తలుపులు లేని మిద్దెకు మెట్లు దేనికని టేకు మెట్లు కూడా అమ్మాను. రెండూ కలిపి మళ్ళీ ఒక చిన్న బండి డబ్బు అయింది. ఇంజను లేని నల్ల కారులో కోళ్ళు పడుకునేవి.

ఈలోగా ఆ బూడిదరంగు బండి మా రోడ్డు మీదే కిరాయికి తిరగడం మొదలుపెట్టింది. టైర్ల కొట్టువాడే నడిపేవాడు. నేను నడిచి పోతూ కనపడితే ఆపేవాడు.

"ఎక్కండి చిన్నయ్యగారూ. మీ దగ్గర దుడ్లు తీసుకుంటానా నేను?"

నేను ఎక్కలేదు. వానలో కూడా ఎక్కలేదు. దుడ్లు అడిగి ఉంటే ఎక్కేవాణ్ణేమో.

మళ్ళీ వేలం దండోరా వేశారని తెలిసి, ఆవరణలో ఒక చిన్న ఆకుపచ్చ బండిని చూసిపెట్టుకుని, ముందురోజు నేనే వాడి కొట్టుకు వెళ్ళాను. వాడు లేచి స్టూలు తుడిచాడు. నేను కూర్చోలేదు.

"రేపు ఆకుపచ్చ బండి నేను పాడతాను. నామీద పాడు."

"అదేం మాట? మీ ఉప్పు తిన్నోళ్ళం."

"తిన్నది మీ నాన్న. తిన్నదానికి బండి తోలాడు. లెక్క సరిపోయింది. నువ్వు తినలేదు."

"కూటంలోకి రాకూడదా? టీ అంగట్లో మా పక్కన కూసోండి చాలు. బండి మీ ఇంటికి వస్తది."

"నేను టీ తాగను."

మొదటిసారి వాడి ముఖంలో కోపం కనపడింది. మంచి చేయబోతే చెయ్యి కొట్టించుకున్నవాడి కోపం.

"నేను పాడితే మిగల్చను. మళ్ళా ఇంటిమీద పడి ఏడిస్తే కుదరదు."

"మిగల్చమని నేను అడిగానా?"

మర్నాడు ఆకుపచ్చ బండికి సర్కారు పాట ఏడు వందలు. నేను ఎనిమిది అన్నాను. హెడ్డు నన్ను గుర్తుపట్టి, "ఎదురెవరన్నా ఉన్నారా, లేకపోతే మళ్ళీ తమరేనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"తొమ్మిది," అంది గోడ వైపు నుంచి ఒక గొంతు. నవ్వు ఆగిపోయింది.

టైర్ల కొట్టువాడు నీడలోంచి ఎండలోకి వచ్చాడు. నేను వెయ్యి అన్నాను. నా మాట పూర్తికాకముందే వంద పెంచాడు. నేను పెంచాను. వాడు పెంచాడు. కూటం వాళ్ళు చొక్కా పట్టుకుని లాగుతున్నారు, "అన్నా, అంత చెయ్యదన్నా, వదిలేయన్నా" అని. విదిలించుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. నా వైపు వేలు చూపించి మరీ పాడుతున్నాడు. నేను వేలు ఎత్తలేదు, గొంతు పెంచలేదు. పదహారు వందలు అన్నాను. అంతకుమించి నాకు పెట్రోలు డబ్బులు తప్ప లేవు. ఆ సంగతి ముఖంలో తెలియకుండా వాడి కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను. చెమట కంట్లో పడినా తుడుచుకోలేదు.

హెడ్డు ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు.

"నువ్వే తీసుకో పో," అన్నాడు వాడు. "దాన్లోనే ఊరేగు, దాన్లోనే పడుకో."

మా ఇంటి మనిషిని వాళ్ళ ఇంటి మనిషి నువ్వనడం అదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. నేను డబ్బు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను.

కానీ ఒక అనుమానం పట్టుకుంది. సరిగ్గా నా దగ్గర అయిపోయిన చోటే వాడు ఎందుకు ఆగాడు? కనిపెట్టాడా? ఈ కోపమంతా నాటకమా, మళ్ళీ నా జోలెలో వేశాడా? అదే అయితే బండిని అక్కడే వదిలేసి పోదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

అద్దెకు తెచ్చిన బ్యాటరీ బిగించాను. డబ్బాలోని పెట్రోలు పోశాను. సారా కంపు గుప్పున కొట్టింది. ఆ తర్వాత చాలాకాలం చర్చికి పోయే ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఎక్కారు నా బండి. ముందుభాగంలో హ్యాండిలు దూర్చి, పంచె ఎగ్గట్టి, తిప్పాను. కదల్లేదు. మళ్ళీ తిప్పాను. ఈసారి ఒక్క మనిషి కూడా సాయానికి రాలేదు. "చొక్కా మాసిపోద్ది" అన్నవాడు లేడు. అందరూ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, నా తిప్పలు చూస్తున్నారు. మళ్ళీ తిప్పినప్పుడు హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు మీద కొట్టింది. నేను వెనక్కి తూలి ఇసుకలో కూలబడ్డాను.

ఎవడో పగలబడి నవ్వాడు. తలెత్తి చూస్తే టైర్ల కొట్టువాడు. కిళ్ళీ తుంపరలు తెల్లచొక్కా మీద పడుతున్నా చూసుకోకుండా, గోడకు చెయ్యి ఆనించి నవ్వుతున్నాడు. జాలిపడేవాడు అలా నవ్వడు.

నా అనుమానం తీరింది. లేచి ఇసుక దులుపుకుని, ఎడమచేత్తో హ్యాండిలు తిప్పాను. ఇంజను దగ్గి, నల్లటి పొగ వాళ్ళందరి మీదికీ వదిలి, అందుకుంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి వాడు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. హారను కొట్టాను. తప్పుకున్నాడు.